మంచుకొండల్లో మిగిలిన కుక్కర్

నేను ఒక ప్రెషర్ కుక్కర్‌ని. నవ్వకండి. చెట్టన్నది మొలవనంత ఎత్తులో, గొర్రెలకాపరులు రాళ్ళు పేర్చి కట్టుకున్న గుడిసెలో, ఒక కుక్కర్ కూర్చుని సొంత కథ చెప్పుకోవడం ఏమిటని మీకు అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపిస్తుంది. ఇక్కడ పలకరించే దిక్కు లేదు, చేతికి దొరికారు కాబట్టి మిమ్మల్ని మాత్రం వదలను.

ఏదో ఊళ్ళో ఫ్యాక్టరీలో అల్యూమినియం రేకును అచ్చులో పెట్టి నొక్కి నన్ను చేశారు. మూత, పిడి, విజిల్ తర్వాత తగిలించారు. అక్కడి నుంచి లారీ ఎక్కి గోదావరిఖనిలో స్టీలు సామాన్ల కొట్టుకు చేరాను. నన్ను కొన్నది కనకలక్ష్మి. అబ్బో, ఏం బేరం! మూత తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది, కొట్టువాడికి విసుగొచ్చేదాకా వదల్లేదు. పక్కన నిలబడ్డ భర్త మొండయ్య బొగ్గుబాయిలో పనిచేసేవాడు.

"బాయి సైరన్ సాలదా? ఇంట్ల గూడ ఇదొకటి కూయాల్నా?" అన్నాడు.

"నువ్వు తినేటప్పుడు చెవులు మూస్కో" అంది కనకలక్ష్మి, నన్ను చంకన పెట్టుకుని.

ఆ ఇంట్లో నాకు ఊపిరి సలిపేది కాదు. మొండయ్యకు పొద్దున డ్యూటీ అయితే చీకటితోనే పొయ్యెక్కాలి, రాత్రి డ్యూటీ అయితే సాయంత్రమే ఎక్కాలి. మధ్యలో ఎవరో ఒకరు వస్తూనే ఉండేవారు. పక్కింటివాళ్ళు, మీటరు చూసేవాడు, చీరలమ్మే ఆమె, అందరినీ కనకలక్ష్మి కూర్చోబెట్టి అన్నం పెట్టేది. ఆమె తమ్ముడు రాజేశం చదువుకునే రోజుల్లో అక్క ఇంట్లోనే ఉన్నాడు. నా అడుగున అంటిన మాడు అన్నమంటే వాడికి ప్రాణం. తర్వాత బడిలో డ్రాయింగు మాస్టారయ్యాడు, పెళ్ళయింది, రెండు వీధుల అవతల ఇల్లు తీసుకున్నాడు. సెలవులొస్తే సంచీ తగిలించుకుని మంచుకొండలు ఎక్కడం వాడికి పిచ్చి.

మొండయ్య రిటైరైన ఏడాదే కనకలక్ష్మి జ్వరమని ఆస్పత్రికి వెళ్ళింది. మళ్ళీ రాలేదు.

ఆ తర్వాత నాలో గుప్పెడు బియ్యమే ఉడికేవి. మొండయ్య అందులో ఇంత తొక్కు పచ్చడి కలుపుకుని, గోడవైపు తిరిగి తినేవాడు. రాజేశం రోజూ వచ్చి ఇంటికి రమ్మని బతిమాలేవాడు. ఒకసారి మొండయ్య కసిరేశాడు. "అక్కనే లేనప్పుడు నేను నీకు ఏమైతరా? ఊకె సతాయించకు, పో."

రాజేశం మొహం చిన్నబోయింది. అయినా వదిలే రకమా? మరుసటి వేసవికి మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. "బావా, ఇట్ల గోడకేసి సూసుకుంట ఎన్నేండ్లుంటవ్? నాతోటి కొండలకు రా. ఒక కొండ సుట్టూ తిరిగొద్దాం. పదిమంది పోని తొవ్వ. నిమ్మలంగ ఉంటది."

మొండయ్య గోడ మీంచి చూపు తిప్పి నా వైపు చూశాడు. "కుక్కర్ తెస్త" అన్నాడు.

"అంత బరువెందుకు బావా? నూడుల్స్ ప్యాకెట్లున్నయ్ గదా."

"అది తిండారా? అన్నం లేంది నేను నడువ."

అలా నేను కనకలక్ష్మి పాత నేతచీర చుట్టుకుని, మొండయ్య వీపు మీద ఊరేగుతూ కొండలెక్కాను. దారిలో ఎదురైనవాళ్ళు, పుణే నుంచి వచ్చిన ఒక గుంపుతో సహా, నన్ను చూసి పకపకా నవ్వారు. కానివ్వండి, నవ్వండి అనుకున్నాను. పైకి పోయేకొద్దీ నీళ్ళు ఊరికే మరుగుతాయి గానీ మామూలు గిన్నెలో బియ్యం పలుకు పలుకుగానే ఉంటాయి, పప్పు సంగతి చెప్పనే అక్కర్లేదు. నవ్విన పుణేవాళ్ళే సాయంత్రానికి సగం ఉడికిన పప్పు పట్టుకుని మా డేరా ముందు నిలబడ్డారు. అప్పుడు చూడాలి నా దర్జా!

ఆ డేరాలూ వెనకబడ్డాయి. ఇక ఎటు చూసినా రాయి, మంచు, గాలి. పక్షి కూడా కనపడదు. మొండయ్య ముందు నడిచేవాడు, రాజేశం వెనక. బావాబామ్మర్దులంటే మన వైపు ఎంత వేళాకోళం! వీళ్ళ మధ్య మాత్రం "నీళ్ళు తాగు", "జారుతది, పైలం" తప్ప మాటలేదు. మనుషులు తోడు కోసం ఇంత దూరం వచ్చి మరీ ఎవరి ఒంటరితనం వాళ్ళు మోసుకు తిరుగుతారు. నాకేమో మొండయ్య ఒంటరితనాన్నంతా అతని వీపు మీద కూర్చుని చూసే గతి పట్టింది.

కొండ వెనక్కి దాటే కనుమకు కాస్త కింద ఈ గుడిసె చేరాం. ఇక్కడొక పద్ధతుంది. వచ్చినవాళ్ళు మిగిలిన ఉప్పో, తాడో, అగ్గిపెట్టో రాతి అరుగు మీద వదిలిపోతారు. తర్వాత వచ్చినవాళ్ళు వాడుకుంటారు గానీ పట్టుకుపోరు. రాజేశం ఆ మాట చెబుతూ చెబుతూనే తల పట్టుకుని కూలబడ్డాడు. తిన్న నూడుల్స్ కక్కేశాడు.

"నాలుగు మెతుకులు కడుపుల పడలే. గందుకే తల నొస్తంది" అన్నాడు మొండయ్య.

నేనూ అదే అనుకున్నాను. మన దగ్గర తలనొప్పైనా, నీరసమైనా, ఏడుపైనా ముందు అడిగేది అన్నం తిన్నావా అనే కదా! రాజేశం కిందికి దిగుదామని గొణిగాడు. "తిన్నంక పోదాంతీ" అని మొండయ్య నన్ను పొయ్యెక్కించాడు. సాయంత్రం పప్పుచారు, పొద్దున మళ్ళీ మెత్తటి అన్నం. దిగాల్సిన వేళంతా నాలో ఉడికిపోయింది. ఎంత బుద్ధిలేని పని చేశామో తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు చల్లబడుతుంది.

పొద్దున మొండయ్య ముద్ద కలిపి, పిల్లాడికి పెట్టినట్టు రాజేశం నోటి దగ్గర పెట్టాడు. రాజేశం తల తిప్పుకున్నాడు.

"అక్కేది? అక్కనే పెట్టమను."

మొండయ్య చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "ఏందిరా రాజేశం?"

"అక్కను పిలువు బావా. నువ్వు డ్యూటీకి పో. లేటైతంది."

ఆకలితో ఎవరూ అలా మాట్లాడరని మొండయ్యకు అప్పుడు తెలిసింది. ఎత్తులో గాలి చాలక తల నొస్తది, మనిషి మాట తడబడితే మాత్రం ఒక్క క్షణం ఆగొద్దు, కిందికి దిగుడే అని రాజేశం బయల్దేరిన రోజే చెప్పాడట. అప్పుడు వినిపించుకోని మాట ఇప్పుడు గుర్తొచ్చి మొండయ్య, "అయ్యో, నా కొడుకా" అని నెత్తి కొట్టుకున్నాడు. ముద్ద అవతల పారేసి, సంచీలో నీళ్ళ సీసా, దుప్పటి, చీర చుట్టి నన్నూ కుక్కి వీపుకు తగిలించుకున్నాడు. రాజేశాన్ని లేపబోతే కాళ్ళు నిలవలేదు. ఇక వీపుకెత్తుకోవాలి. ఆ వీపు మీద నేనున్నాను.

సంచీ దించి నన్ను బయటికి తీశాడు. రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. బాయిలో పైకప్పు కూలినప్పుడు పనిముట్లు పడేసి మనిషిని లాగినవాడే, నన్ను కింద పెట్టడానికి మాత్రం అతని చేతులు రాలేదు. వదిలెయ్యి మహానుభావా, వాడు చచ్చిపోతాడు అని అరుద్దామంటే పొయ్యి మీద లేని కుక్కర్‌కు గొంతెక్కడిది? చివరికి నన్ను అరుగు మీద పెట్టాడు. నా ఒంటి మీది చీర లాగి, రాజేశాన్ని వీపుకు వేసుకుని గట్టిగా కట్టుకున్నాడు.

"కనకా, నీ తమ్మున్ని తోల్కపోతున్న" అన్నాడు. అంతే. తలుపు దగ్గర వంగి బయటికి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ తర్వాత గుడిసెను తలుపు దాకా మంచు కప్పేసింది. నా అడుగున అన్నం గడ్డకట్టింది. ఎంత ఒంటరిగా అనిపించిందో ఏం చెప్పమంటారు! ఇంటిని తలుచుకుని ఏడవలేదు, రాజేశం బతికాడా లేదా అన్నదే నన్ను తినేసింది. చెప్పేవాళ్ళు లేరు. మంచు కరిగాక కాపరులొచ్చారు. నా మూత పెట్టడం చేతగాక రాయితో బాదారు, పిడి విరగ్గొట్టారు. పాపం, బార్లీ జావ కాచుకుని కృతజ్ఞతగా కడిగిపెట్టారు కూడా. చలికి మూతలోని రబ్బరు పగిలి ఆవిరంతా పక్కలకు పోయేది. వాళ్ళ భాష నాకు రాదు, నా ఆరాటం వాళ్ళకు తెలియదు.

ఒక మధ్యాహ్నం బయట తెలుగు మాట వినిపించింది.

"బావా, మెల్లగ. దమ్మొస్తంది."

"ఆగు, చెయ్యియ్యి."

రాజేశం! చిక్కిపోయాడు, ఆయాసపడుతున్నాడు, అయితేనేం, తన కాళ్ళ మీద నడిచి వచ్చాడు. నా ప్రాణం లేచొచ్చింది. మొండయ్య నన్ను తీసుకుని సొట్టలు తడిమాడు. మూత తిప్పి చూసి, జేబులోంచి కొత్త రబ్బరు తీసి వేశాడు. బియ్యం కడిగి పెట్టాడు. విజిలేశాను చూడండి, కొండలు దద్దరిల్లాలి! వేడివేడిగా తిన్నారు. మాడు రాజేశం గోక్కున్నాడు. ఇక ఇంటికే అని నేను పొంగిపోయాను.

"ఈసారి నేను మోస్త బావా. ఇంటికి తీస్కపోదాం."

"వద్దురా, ఈడనే ఉండనీ. ఎవలన్న ఆకలితోటొస్తరు. మీ అక్క ఒక్కన్ని గూడ ఉత్తగ పంపలేదు."

"మరి నీకు?"

"నాకెందుకు? రోజూ మీ ఇంట్లనే తినవడ్తి. కింద సిగ్నలున్నంతసేపు నీ పెండ్లాం ఫోన్లే ఫోన్లు, ఎప్పుడొస్తరు, ఏం వండాలె అని."

నాకు ఏడుపొచ్చింది. ఒళ్ళు మండింది కూడా, దాచడం దేనికి? ఇంత చేసి నన్నే వదిలిపోతారా? మొండయ్య నన్ను మంచుతో తోమి, తుడిచి, లోపల రెండు గ్లాసుల బియ్యం పోసి మూతపెట్టాడు. అరుగు మీద పెట్టి ఒకసారి చేత్తో తట్టాడు.

దిగుతూంటే వాళ్ళ మాటలు చాలా దూరం వినిపించాయి. రాజేశం ఏదో అన్నాడు. మొండయ్య గట్టిగా నవ్వాడు. కనకలక్ష్మి పోయాక అతను నవ్వగా వినడం నాకు అదే మొదలు.