గాజులకు బదులు వచ్చిన గడియారం

నేను ఒక చేతిగడియారాన్ని. కనుక కథను వేళతోనే మొదలుపెడతాను. ఉదయం పది గంటల పద్దెనిమిది నిమిషాలు. కాకినాడ మీద సముద్రపు గాలి, సన్నని తుంపర, మబ్బు చాటున పలచని ఎండ. ఆ వేళ సుధీంద్రకు సీమంతం.

అంతకుముందు ముప్ఫై ఏళ్ళు నేను ఓడరేవు గుమాస్తా సత్తిరాజు మణికట్టు మీద ఉన్నాను. ఓడలు ఏనాడూ నన్ను చూసి రాలేదు గాని, ఆయన మాత్రం నన్ను చూసే ఇంటికి బయలుదేరేవాడు.

సుధీంద్ర పురుషుడు. పుట్టినప్పుడు ఆడపిల్ల అన్నారు. కాదని తాను తెలుసుకుని, అందరికీ చెప్పి, మగవాడిగా స్థిరపడ్డాడు. పెళ్ళయిన కొన్నాళ్ళకు భార్య పావనికి గర్భసంచి తీసివేయవలసి వచ్చింది. "నాకుందిగా, నేను మోస్తాను," అన్నాడు. హార్మోను మందులు ఆపి, వైద్యుల సాయంతో గర్భం ధరించాడు. కారణం ఇంత సరళమైనది. దానిని జటిలం చేయడానికి ఒక టీవీ చానల్ కావలసి వచ్చింది.

సీమంతంలో గాజుల పళ్ళెం రాగానే సుధీంద్ర చేయి వెనక్కు తీసుకున్నాడు. "గాజులొద్దత్తా."

మేనత్త రత్నాలు, అంటే సత్తిరాజు భార్య, ఒక్క క్షణం ఆలోచించింది. "గాజులెందుకేస్తారు? ఆ గలగల లోపలి బిడ్డకి వినపడాలనేగా? చప్పుడే కదా కావాలి?" అంటూ భర్త చేతినుంచి నన్ను ఊడబెరికి మేనల్లుడికి తొడిగింది. "ఇదీ చప్పుడు చేస్తుంది. మీ మావయ్య గురక కంటే శ్రావ్యంగా ఉంటుంది."

చానల్ వాళ్ళు వచ్చింది అప్పుడే. సుధీంద్ర పెట్టిన షరతు ఒక్కటే: "రేపు నా బిడ్డ ఇది చూస్తుంది. నన్ను తండ్రి అనండి, చాలు." విలేఖరి గుండెమీద చేయి వేసుకుని మాట ఇచ్చాడు. వెంటనే కెమెరామన్ బతిమాలాడు: "ఒక్క షాట్‌కి గాజులేసుకోండి సార్, లేకపోతే జనం నమ్మరు." సుధీంద్ర ఒప్పుకోలేదు. అంతలో రత్నాలు దీవిస్తూ అతని పొట్టమీద చేయి ఆనించింది. కెమెరా ఆ చేతినే దగ్గరగా తీసుకుంది.

సాయంత్రం తెరమీద "మగ వేషంలో తల్లి!" అన్న అక్షరాలు, వాటి కింద నిండా గాజులున్న ఆ చేయి. అది గర్భవతి చేయేనట. దానిమీద "సత్తిరాజు" అన్న పచ్చబొట్టు కూడా ఉన్నది. మరి కాసేపటికి కొత్త ప్రశ్న వెలిసింది: "ఎవరీ సత్తిరాజు?" ముగ్గురు మేధావులు చర్చకు కూర్చున్నారు.

ఉప్మా తింటున్న సత్తిరాజు చెంచా వదిలేశాడు. "నేనేం చేశానే?"

సుధీంద్ర నవ్వలేదు. అతని నాడి నాకంటే వేగంగా కొట్టుకుంటున్నది. "నా బిడ్డకి చివరికి మిగిలేది ఇదేనత్తా," అన్నాడు.

రత్నాలు తెరమీది నంబరుకు ఫోన్ చేసింది. ఆమె మాటలు నేరుగా ప్రసారమయ్యాయి.

"ఆ చెయ్యి నాదండీ! ఆ సత్తిరాజు మా ఆయన. పెళ్ళైన కొత్తలో తీర్థంలో ఆ పచ్చబొట్టు పొడిపించుకున్నాను. నాకు అరవై దాటాయి. నా పొట్టలో ఉన్నది గ్యాసు."

"అమ్మా, మరి ఆ గర్భవతి చెయ్యి..." అంది చర్చ నడుపుతున్న యాంకరమ్మ.

"గర్భవతేవిటి? వాడు మా అబ్బాయి. వాడి చేతికి గడియారం ఉంటుంది. పుట్టబోయే బిడ్డకి వాడే తండ్రి. కళ్ళు పెట్టుకు చూసి చెప్పండి బాబూ!"

యాంకరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. మేధావులు ఆ ప్రయత్నమే చేయలేదు. ఆ నవ్వుకు ఫలితం ఇది: మర్నాటికి రాష్ట్రమంతా రత్నాలు ఫోన్ చేసిన వీడియోనే చూసింది, మొదటి వార్త అడుగున పడిపోయింది. చానల్ మళ్ళీ వచ్చి ఈసారి నన్ను చిత్రీకరించి, కింద "కాబోయే తండ్రి" అని వేసింది. ఆ రోజు నేను నాలుగు నిమిషాలు వెనకబడి ఉన్నాను. సత్యాన్వేషకులెవరూ గమనించలేదు.

పుట్టిన పాపకు కిన్నెర అని పేరు పెట్టారు. ఇప్పుడు దానికి ఎనిమిదేళ్ళు. రత్నాలు మామ్మ వీడియో పెడితేగాని అన్నం తినదు. రోజూ పొద్దున నాన్న చేతినుంచి నన్ను విప్పి, కీ ఇచ్చేది తనే.