జ్వరం పుస్తకం

గేటు దగ్గర కూర్చునే పెద్దాయనను కుట్టు ఫ్యాక్టరీలో అందరూ గేటు బాబాయ్ అంటారు. గుండీల మిషను మీద పనిచేసే ఆవిడ ఒక్కతే 'అన్నయ్యా' అనేది. ఆమె అతని సొంత చెల్లెలు. ఆ ఉద్యోగం వేయించిందీ అతనే. ఇప్పుడు ఆ పిలుపు లేదు.

మహమ్మారి మొదలయ్యాక ప్రభుత్వం నుంచి ఆర్డరు వచ్చింది. లోపలికొచ్చే ప్రతి ఒక్కరికీ గేటు దగ్గరే జ్వరం చూడాలి, పుస్తకంలో రాయాలి. మేనేజరు ఆ కాగితాన్ని గేటు దగ్గర బాబాయ్ స్టూలు వెనకున్న నోటీసు బోర్డుకు అంటించి, పై రెండు లైన్లు గట్టిగా చదివి వినిపించాడు. తర్వాత దాని కింది సగాన్ని కప్పేస్తూ షిఫ్టు టైముల కాగితం అతికించాడు. నుదుటికి గురిపెట్టే జ్వరం మిషను ఒకటి, గళ్ళ పుస్తకం ఒకటి బాబాయ్ చేతిలో పెట్టాడు.

రెండో వారానికే మిషను మూగబోయింది. కొత్తది కావాలంటే "రేపు" అన్నాడు మేనేజరు. ఏమడిగినా ఆయన నోట అదే మాట గనక, వెనకాల అందరూ ఆయన్ని రేపుగారు అనేవాళ్ళు.

"అప్పటిదాకా ఏదో ఒకటి రాస్తూ ఉండు బాబాయ్. పుస్తకం ఖాళీగా ఉండకూడదు, అంతే" అన్నాడు రేపుగారు.

బాబాయ్ రాశాడు. పొద్దున్నే అందరికన్నా ముందొచ్చి, గేటు తీయకుండానే, ఫ్లాస్కులో టీ తాగుతూ పేజీ మొత్తం నింపేసేవాడు. అందరికీ ఒకే అంకె వేస్తే అనుమానం వస్తుందని ఒకరికి తొంభై ఏడు పాయింట్ ఆరు, పక్కవాళ్ళకు తొంభై ఏడు పాయింట్ ఎనిమిది, అప్పుడప్పుడూ ఎవరో ఒకరికి తొంభై ఎనిమిది. చిన్నప్పుడు అంకెల మీద ఇంత బుర్ర పెట్టి ఉంటే లెక్కల్లో తప్పేవాడే కాదు.

ఒక సోమవారం చెల్లెలు గేటు దగ్గర ఆగింది. అతని చెయ్యి లాక్కుని తన నుదుటి మీద పెట్టుకుంది.

"చూడన్నయ్యా, ఎలా ఉందో. ఇంటికెళ్ళిపోనా?"

"వెళ్తే జీతం కోసేస్తారే. మాత్ర వేసుకో, మధ్యాహ్నానికి అదే తగ్గిపోతుంది."

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. చిన్నప్పటినుంచీ అంతే, అన్నయ్య చెప్పాడంటే ఇక దానికి తిరుగులేదు. మంగళ, బుధ, గురువారాలు కూడా పనిలోకి వచ్చింది. శుక్రవారం తెల్లవారుతుండగా ఊపిరాడక, ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే పోయింది. ఆ కబురు ఫోనులో వచ్చేసరికి బాబాయ్ గేటు దగ్గర ఆ రోజు పేజీలో ఆఖరి గడి నింపుతున్నాడు. పెన్ను అక్కడే పడేసి పరిగెత్తాడు. ఆసుపత్రివాళ్ళు చెల్లెలి మొహం కూడా దగ్గరనుంచి చూడనివ్వలేదు.

నెల తిరిగాక ఆమె భర్త లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టాడు, జ్వరంతో ఉన్న మనిషి చేత పని చేయించారని. విచారణకు ఆఫీసరమ్మ వస్తోందనగా, ముందురోజు మేనేజరు ఆ షిఫ్టు కాగితం పీకేయమన్నాడు. ఆర్డరు మొత్తం కనబడాలట. పీకింది బాబాయే. కింద మూడో లైను బయటపడింది: 'జ్వరం ఉన్నవారిని జీతం కోయకుండా ఇంటికి పంపవలెను.'

రెండుసార్లు చదివాడు. స్టూలు మీద కూలబడ్డాడు. జీతం కోస్తారని అతనికి ఎవరూ చెప్పలేదు. తనంతట తనే అనుకున్నాడు, ఆ పిచ్చిది నమ్మింది. ఇన్నాళ్ళూ వీపు వెనకాలే ఉన్న కాగితాన్ని ఎత్తి చూద్దామన్న బుద్ధి ఒక్కరోజూ పుట్టలేదు.

"రేపు నువ్వు నోరు మెదపకు బాబాయ్" అన్నాడు మేనేజరు. "ఆ రాతంతా నీదే. బయటపడితే ముందు మునిగేది నువ్వే."

మర్నాడు ఆఫీసు గదిలో ఆఫీసరమ్మ సోమవారం నుంచి గురువారం దాకా పేజీలు తిరగేసింది. ఎదురుగా చెల్లెలి భర్త, బాబాయ్‌కి బావ, కూర్చున్నాడు, భార్య ఫ్యాక్టరీ కార్డును గుప్పిట్లో పెట్టుకుని.

"నాలుగు రోజులూ మీ ఆవిడకు జ్వరం లేదనే ఉందండీ ఇందులో."

"ఉందండి. గేటు దగ్గర చెప్పింది కూడా."

"ఎవరితో చెప్పింది?"

బావ తలెత్తలేదు. "తెలీదండి."

తెలియకేం. గేటు దగ్గర ఉండేది ఒకే ఒక్కడు. ఆ సోమవారం సాయంత్రమే ఆమె ఇంట్లో చెప్పి ఉంటుంది. నెగ్గాల్సిన అర్జీని ఆ మనిషి చేతులారా పాడుచేసుకుంటున్నాడు, పెళ్ళాం అన్నను కాపాడటానికి. గుమ్మం దగ్గర నిలబడ్డ బాబాయ్ ఇక ఆగలేకపోయాడు.

"అమ్మా, శుక్రవారం పేజీ కూడా చూడండి."

ఆమె పేజీ తిప్పింది. "తొంభై ఏడు పాయింట్ ఎనిమిది. బాగానే ఉందిగా?"

"ఆ పొద్దున మా చెల్లెలు చచ్చిపోయిందమ్మా. నేను ఈ అంకె వేసేటప్పటికి దానికి ప్రాణం లేదు."

మేనేజరు గబుక్కున లేచాడు. "మేడమ్, పాపం బాధలో మతి చెడి ఏదో..."

ఆమె చెయ్యెత్తి ఆయన్ని కూర్చోమంది.

"మిషను ఎప్పుడో పాడైపోయిందమ్మా. ఈ అంకెలన్నీ నేను కూర్చుని అల్లినవే. సోమవారం అది చెప్పింది నాతోనే. లోపలికి పంపింది నేనే."

"ఊరుకో బావా" అంటూ చెల్లెలి భర్త మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు.

ఆఫీసరమ్మ తెల్లకాగితం తీసుకుంది. "సోమవారం నిజంగా ఎంత ఉంది?"

ఎందరికో ఎన్ని అంకెలో అలవోకగా వేసినవాడికి ఇప్పుడు ఒక్క అంకె దొరకలేదు. కుడి అరచెయ్యి తెరిచి చూసుకున్నాడు.

"ఎంతో తెలీదమ్మా. దాని ఒళ్ళు కాలిపోతోంది."

ఆమె ఆ మాటను ఉన్నదున్నట్టే రాసి, పక్కన సోమవారం తేదీ వేసింది.