ఇంటికి వెళ్ళిన ఉత్తరం

అది యాభై ముగ్గురు పిల్లలున్న చిన్న ప్రైవేటు హైస్కూలు. అక్కడ బెత్తం లేదు, గోడకుర్చీ లేదు. ఎవరు తప్పు చేసినా శుక్రవారం మధ్యాహ్నం అందరూ హాల్లో గుండ్రంగా కూర్చుని మాట్లాడుకుంటారు. తేలిన సంగతి ఇంటికి ఉత్తరంగా వెళుతుంది. దాపరికాలు వద్దని పెద్ద టీచరు పెట్టిన నియమం అది.

పదకొండేళ్ళుగా అక్కడ పనిచేస్తున్న లెక్కల టీచరు ఆ శుక్రవారం తప్పు చేసిన మనిషిగా కూర్చుంది. తొమ్మిదో తరగతిలో అందరూ పిట్ట అని పిలిచే పిల్ల చెంప ఛెళ్ళుమనిపించింది మరి. బోర్డు మీద టీచరు లెక్క తప్పితే ఆ పిల్ల కిసుక్కున నవ్వింది, అంతే. ముందురోజంతా టీచరు ఆసుపత్రిలో తల్లి మంచం పక్కనే ఉంది. సాకులా వినిపిస్తుందని ఆ మాట ఎత్తలేదు.

"తప్పు నాదే. ఏం చెయ్యమన్నా చేస్తాను," అంది.

"నీకేం కావాలమ్మా?" పెద్ద టీచరు పిట్టను అడిగింది.

పిట్ట గోళ్ళు గిల్లుకుంటూ, "ఏం వద్దు టీచర్. ఇంటికి ఉత్తరం మాత్రం పంపకండి. నేనేదో చేసుంటేనే కొట్టారంటాడు మా నాన్న," అంది.

లెక్కల టీచరు చప్పున అందుకుంది. "ఉత్తరం వద్దండీ. కావాలంటే నన్ను తీసెయ్యండి."

పదో తరగతి అమ్మాయి ఒకతె లేచింది. "మా ఇళ్ళకి వెళ్ళలేదా ఉత్తరాలు? టీచర్‌ది తప్పయ్యేసరికి దాచేస్తారా?"

చేతులెత్తించారు. ముప్ఫై ఒక్కరు ఉత్తరం పంపాలన్నారు. పిల్ల తప్పేమీ లేదన్న మాట కింద రెండు గీతలు గీసి మరీ పంపింది పెద్ద టీచరు.

సోమవారం పిట్ట రాలేదు. మంగళవారమూ రాలేదు. సాయంత్రం లెక్కల టీచరు వాళ్ళింటికి వెళ్ళింది. తండ్రి ముందుగదిలో కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. నూనె చేతులు తుడుచుకుని మర్యాదగా స్టూలు వేశాడు.

"ఆ బళ్ళో దీనికి భయం చెప్పింది మీరొక్కరేనండీ. మిగతాది నేను చూసుకున్నాలెండి. వేరే బళ్ళో వేస్తున్నా."

"తప్పు నాదని ఉత్తరంలో రాశారు కదండీ!"

"మీ మంచితనం కొద్దీ అలా అంటారు. ఏమే, టీచరుగారికి నీళ్ళు తే."

పిట్ట గ్లాసు తెచ్చింది. ఎడమ కన్ను వాచి సగం మూసుకుపోయింది. గ్లాసు అందిస్తూ, "వెళ్ళిపోండి టీచర్," అని గొణిగింది.

టీచరు తిన్నగా పోలీసు స్టేషనుకు వెళ్ళింది. అక్కడి ఉద్యోగిని ఓపిగ్గా రాసుకుంటూ, "ముందు కొట్టిందెవరు?" అని అడిగింది.

"నేనే."

ఆవిడ కలం ఆపి తలెత్తి చూసింది.

విచారణకు ఒకరు వెళ్ళొచ్చారట. మెట్ల మీంచి పడ్డానని పిట్టే చెప్పిందట. నెల తిరక్కుండానే వాళ్ళు ఇల్లు ఖాళీ చేశారు. ఎక్కడికి వెళ్ళారో ఇరుగుపొరుగుకీ తెలియదు.

ఓరోజు ఆ పదో తరగతి అమ్మాయి స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి, "నావల్లేనా టీచర్?" అంది.

"కాదమ్మా," అంది టీచరు. ఆ అమ్మాయి నమ్మలేదు. బెల్లు కొట్టాక వెళ్ళిపోయింది.