బోర్లా పడుకున్న తొంభై ఎనిమిది

చూడటానికి బట్టల క్లిప్పులా ఉంటాను గానీ, నేను ఒక ఆక్సీమీటర్‌ని. నాలో వేలు పెడితే ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చెబుతాను. కరోనా రెండో ఏడు వేసవిలో మండపేటలోని ఓ మందుల కొట్టుకు వచ్చాను. బీరువాలో గంట కూడా కుదురుగా కూర్చోలేదు, సత్యానందం చేతిలో పడ్డాను.

ఆయన పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. పెళ్లిళ్లు ఆగిపోయాయి. తోచక ఫోను పట్టుకున్నాడు. తుమ్మయినా తుమ్మని మనిషికి ఆ ఫోను పూటకో రోగం అంటగట్టింది. ఒక వీడియో వేడినీళ్లు తాగమంది, మరొకటి తాగితే గొంతు పోతుందంది. ఆయన పొద్దున తాగి, మధ్యాహ్నం అందుకు బాధపడేవాడు. ఊదితే ఊపిరితిత్తులకు చిల్లులు పడతాయని ఎవరో పంపితే, ఇరవై ఏళ్లు అన్నం పెట్టిన క్లారినెట్‌ను దుప్పట్లో చుట్టి అటకెక్కించాడు. భోజనానికి ముందూ, తరువాతా, ఆఖరికి పెరుగు కలిపే ముందు కూడా నాలో వేలు పెట్టేవాడు. నేను తొంభై ఎనిమిదే చూపేదాన్ని. మనుషులకు మంచి కబురు రెండుసార్లు చెబితే అనుమానమొస్తుంది కాబోలు!

ఓ మధ్యాహ్నం, బోర్లా పడుకుంటే ఆక్సిజన్ పెరుగుతుందన్న వీడియో చూసి, మంచం మీద బోర్లా పడుకున్నాడు. మోచెయ్యి మడిచి, వేళ్లు తన ముఖం వైపు తిప్పి నన్ను తగిలించుకున్నాడు. మరుక్షణం కేక పెట్టాడు.

“దయామణీ! ఎనభై ఆరే! అయిపోయానే!”

భార్య గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. “ఇప్పుడే కదండీ మూడో పెసరట్టు అడిగేరు!” అంటూనే ఏడుపందుకుంది. ఆయన గుండె డప్పులా మోగుతోంది. అది రోగం కాదు, భయం. ఆ సంగతి చెప్పడానికి నాకు అంకె లేదు.

పక్కింటి ఆశా కార్యకర్త నూకరత్నం మాస్కు సర్దుకుంటూ వచ్చి, మంచం తలవైపు నిలబడి నన్ను చూసింది.

“తొంభై ఎనిమిదుంది కదా బాబాయ్!”

“ఎనభై ఆరమ్మా! నా కళ్లతో చూస్తన్నాను!”

“మీ కళ్లు బానే ఉన్నాయండి. తలకిందులుగా చదివేరు.” నన్ను ఆయన కళ్లముందు సరిగ్గా తిప్పింది. “ఊపిరాడతందా? జొరముందా?”

“ఊపిరాడతంది. జొరం లేదు.”

దయామణి నవ్వు ఆపుకోలేక గరిటె పట్టుకునే నేలమీద కూలబడింది. సత్యానందమూ నవ్వాడు, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. “పది రోజులై నిద్ర లేదమ్మా. పని లేపోతే బుర్రంతా అదే,” అన్నాడు.

“ఆ ఫోను పొద్దున పావుగంట చూసి పక్కన పడెయ్యండి. అనుమానమొస్తే నన్ను కేకెయ్యండి.”

ఆ సాయంత్రమే క్లారినెట్ అటక దిగింది. నన్ను మాత్రం ఆయన నూకరత్నం సంచిలో పెట్టి, “అవసరమైనోళ్లకి వాడమ్మా,” అన్నాడు.

వారం తిరగకుండా, “నాకేటీ లేదమ్మాయ్” అంటున్న వీధి చివరి సూరమ్మ వేలికి నిజంగానే ఎనభై ఆరు చూపించాను. నూకరత్నం మరోసారి పెట్టి చూసి, వెంటనే ఆసుపత్రికి ఆటో ఎక్కించింది. సూరమ్మ పన్నెండో రోజున నడిచి ఇంటికొచ్చింది. వచ్చీ రాగానే నన్ను చేతిలోకి తీసుకుని, నా అద్దం మీద ఇంత బొట్టు పెట్టి దణ్ణం పెట్టింది. అంకెలన్నీ కుంకుమలో మునిగిపోయాయి.

నూకరత్నం కొంగుతో నన్ను తుడుస్తూ, “దీనికి మొక్కొద్దు పిన్నీ, వేలు పెట్టు చాలు,” అంది.