దేవుడి డబ్బాలో బేబి డబ్బు

శనివారం పొద్దుగూకే వేళకు పత్తి తీత నుంచి ఇంటికొచ్చిన బేబి కాళ్ళయినా కడుక్కోలేదు. పొయ్యి పక్కనున్న దేవుడి డబ్బా కడిగి బోర్లించి ఉండటం చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఆ డబ్బా ఎవరయ్యా బోర్లించింది?"

"నేనే," అన్నాడు ఫ్రాన్సిస్, ఏదో ఘనకార్యం చేసినట్టు. "రేపు చర్చిలో కోత పండగ గదా! చర్చి యూత్ పిల్లలు ట్రాలీ ఏసుకుని ఇంటింటికీ వచ్చారు. బియ్యమంతా వాళ్ళ గోనెసంచిలో కుమ్మరించా. దేవుడి సొమ్ము గింజ కూడా మన దగ్గర మిగలగూడదని అడుగు తట్టి మరీ ఇచ్చా."

బేబి డబ్బా తిప్పి అడుగంతా తడిమి చూసింది.

ఆ ఊళ్ళో చర్చికి పోయే ఆడవాళ్ళంతా పొయ్యి మీద ఎసరు పెట్టగానే ఒక పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో వేస్తారు. అది దేవుడి వాటా. నెలకోసారి చర్చికి పట్టుకెళ్ళి పోస్తారు. ఇంట్లో గంజికి లేకపోయినా ఆ డబ్బా జోలికి మాత్రం ఎవరూ పోరు.

ఫ్రాన్సిస్ చెడ్డవాడేం కాదు. తాగడు, నోరు చేసుకోడు, జగ్గయ్యపేట రూట్లో ఒళ్ళొంచి ఆటో తోలుతాడు. ఉన్న జబ్బల్లా ఒక్కటే. రూపాయి కంటబడితే దాన్ని ఖర్చు పెట్టిందాకా నిద్ర పట్టదు. బేబి ఒకసారి బ్యాంకులో దాచి చూసింది. మెసేజి ఫ్రాన్సిస్ ఫోనుకు పోయింది. "ఓర్నాయనో, మనకింత డబ్బుందా!" అని ఆ సాయంత్రమే ఆటోకు పాటల బాక్సులు బిగించుకొచ్చాడు. చీర మడతల్లో దాస్తే దొరికిపోయింది. పప్పు డబ్బాలో దాస్తే అదీ దొరికిపోయింది. ఆ ఇంట్లో ఫ్రాన్సిస్ చెయ్యి పెట్టడానికి భయపడే చోటు ఒక్కటే, దేవుడి డబ్బా.

అందుకని రెండేళ్ళుగా బేబి కూలి డబ్బుల్లోంచి మిగిల్చిన నోట్లు ప్లాస్టిక్ కవర్లో చుట్టి, పైన నీలం గుడ్డ కట్టి, ఆ డబ్బా అడుగున పెడుతోంది. దేవుడికి పైనుంచి పిడికెడు, తనకు అడుగున చిటికెడు. నందిగామలో ఒక కొట్లో పిండి వంచుకునే గ్రైండరు చూసి పెట్టుకుంది. అది వస్తే ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముకోవచ్చు, ఎండలో నడుం వంచే పని తప్పుతుంది. ఇంకో పది పదిహేను వందలు కూడితే కొనేయొచ్చనుకుంటున్న సమయంలో మొగుడు అడుగు తట్టి మరీ ఇచ్చాడు.

పోయి పాస్టరుగారికి చెప్తే? ఆయన మంచాయనే గానీ, రహస్యం ఆయన నోట్లో పడితే మైకులో పడ్డట్టే. పైగా దేవుడి బియ్యంలో సొంత డబ్బు దాచిందంటే నలుగురూ ఏమంటారు? ఆ రాత్రి బేబి ముద్ద మింగలేకపోయింది.

"పండగ ముందు ఉపవాసమా?" అన్నాడు ఫ్రాన్సిస్, ఆమె కంచంలో చేప ముక్క తన కంచంలోకి తీసుకుంటూ.

మర్నాడు ఆరాధన అయ్యాక, జనం దేవుడికి తెచ్చిచ్చిన కానుకల వేలం మొదలైంది. చర్చి ముందు షామియానా వేశారు. ముందు వరసలో కుషన్ కుర్చీల మీద ఊరి పెద్దరైతు బుల్లిబాబుగారు, ఆయన భార్య భారతీదేవి కూర్చున్నారు. వాళ్ళు చర్చి వాళ్ళు కాదు గానీ ప్రతి ఏడూ పిలుస్తారు, ప్రతి ఏడూ వస్తారు. ఆయనొస్తే పాట పైకి పోతుందని పాస్టరు వెస్లీగారి లెక్క.

కోత పండగ వేలంలో ధరకూ వస్తువుకూ పొంతన ఉండదు. ఒక్క నిమ్మకాయ మూడొందలు పలికింది. సొరకాయకు బావాబావమరుదులు పంతాలకు పోయి వెయ్యి దాకా లాగారు. డబ్బు అప్పటికప్పుడే కట్టక్కర్లేదు, మళ్ళీ కోత పండగ లోపు కడితే చాలు. అందుకని కూలికి పోయేవాళ్ళు కూడా జమీందార్లలాగా పాడతారు.

చివరికి బియ్యం వంతు వచ్చింది. మూతులు కుట్టిన బస్తాలు వరసగా పేర్చారు.

"ఇంటింటి పిడికిళ్ళూ కలిసిన బియ్యం! అన్నీ కలిపి ఒకే పాట!" అన్నారు వెస్లీగారు మైకులో. "సర్కారువారి పాట రెండు వేలు!"

"రెండున్నర!" అంది బేబి.

ఫ్రాన్సిస్ ఉలిక్కిపడ్డాడు. "ఏందే? మనకెందుకే అన్ని బియ్యం?"

"ఊరుకో. దేవుడి బియ్యం మంచిది."

"మూడు!" అని వెనకనుంచి పుష్పవతి గొంతు వినబడింది.

బేబి వెనక్కి తిరిగి కొరకొరా చూసింది. పత్తి చేలో రోజూ పక్క సాలులోనే ఉండే మనిషి, ఇవాళ పోటీకొచ్చింది! "మూడున్నర!"

"నాలుగు!" ఈసారి పాడింది గ్రేసీ. పోయినేడు కాపరానికొచ్చిన పిల్ల, చర్చిలో ఆమెన్ అన్నా వినబడని గొంతు.

పాట ఆడవాళ్ళ మధ్యే ఆరు వేలకు పోయింది. మగవాళ్ళు నోళ్ళు తెరుచుకు చూస్తున్నారు. బేబి ఇంకోసారి వెనక్కి చూసింది. చల్లటి పూట పుష్పవతికి మెడ మీద చెమట ధారగా కారుతోంది. గ్రేసీ కళ్ళు బస్తాల మీదనుంచి కదలటం లేదు. తన మొహం కూడా అలాగే ఉండి ఉంటుందని బేబికి తట్టింది. మెల్లగా జరిగి పుష్పవతి చెవిలో గొణిగింది.

"పుష్పక్కా, నాది నీలం గుడ్డ. నీదే రంగు?"

పుష్పవతి పక్కలు చూసింది. "ఎర్ర రిబ్బను. నీకెట్టా తెలుసే?"

"గ్రేసీకి సైగ చెయ్యి. ఇక మనలో మనం పాడుకోవద్దు. నేనొక్కదాన్నే పాడతా, ముగ్గురం పంచుకుందాం."

"తొమ్మిది వేలు!" అంది బేబి గట్టిగా.

"ఎక్కడివే తొమ్మిది వేలు?" అని ఫ్రాన్సిస్ తల పట్టుకున్నాడు.

"దేవుడిస్తాడు."

ఒకటోసారి, రెండోసారి అన్నారు. మూడోసారి అనబోతుండగా బుల్లిబాబుగారు కుర్చీలోంచి లేచారు.

"పన్నెండు వేలు! ఆ బియ్యం నాకొద్దండి పాస్టరుగారూ. ఇక్కడే బస్తాలు విప్పించి, కాటా పెట్టించి, నా చేతుల మీదుగా పేదలకు పంచేద్దాం."

చప్పట్లు మోగాయి. మూడు జతల చేతులు మాత్రం కలవలేదు. బస్తాలు ఇక్కడే విప్పితే నీలం గుడ్డలూ ఎర్ర రిబ్బన్లూ అందరి మొగుళ్ళ ముందూ జలజలా రాలతాయి. పోనీ పాట పెంచుదామా అంటే బుల్లిబాబుగారికి పన్నెండు వేలు పక్కజేబులో చిల్లర. ఆయన్ని డబ్బుతో కొట్టడం అయ్యే పని కాదని బేబికి తెలుసు. లేచి నిలబడి కొంగు బిగించింది.

"బుల్లిబాబుగారండీ, ఒక్కమాట. పేదోళ్ళకి పంచుతానన్నారు. ఎవరండీ వాళ్ళు?"

ఆయన తడబడ్డారు. "ఎవరేంటి బేబీ... ఇక్కడున్న మీలోనే..."

"అట్టాగైతే అడుగుదామండి. పేదోళ్ళెవరో చేతులెత్తండయ్యా! అయ్యగారు బియ్యం పోస్తారంట."

షామియానా కింద ఒక్క చెయ్యీ పైకి లేవలేదు. అక్కడున్న ప్రతి ఇంట్లోనూ తెల్లకార్డుంది. ఆఫీసరు అడిగితే అందరూ పేదవాళ్ళే. పండగ బట్టలు కట్టుకుని, నిమ్మకాయను మూడొందలకు పాడుకున్న మనుషులు సాటివాళ్ళ ముందు చెయ్యెలా ఎత్తుతారు? ఏ పథకానికైనా లైన్లో ముందుండే ఫ్రాన్సిస్ చెయ్యి అలవాటు కొద్దీ సగం లేచింది. బేబి చూసిన చూపుకు అది దారి మార్చుకుని తల గోక్కుంది.

"కార్డుంది గానీ అది గవర్నమెంటు ముందు చూపించేదండి," అంది పుష్పవతి. "మేం దేవుడికి ఇచ్చింది మళ్ళీ మాకే దానం చేస్తే, ఇచ్చినోళ్ళం ఎట్టా అవుతామండీ?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు వరసలన్నీ చుట్టి ముందు కుర్చీల దాకా వచ్చింది. బుల్లిబాబుగారు మొదట ఎర్రబడ్డారు, తర్వాత తనూ నవ్వేశారు. "సరేనమ్మా, ఓడిపోయా. బస్తాలు నీవే. నా పన్నెండు వేలూ విడిగా కానుక రాసుకోండి పాస్టరుగారూ. పేరు మాత్రం మైకులో చదవండి."

వెస్లీగారు ఆ పేరు రెండుసార్లు చదివారు.

బస్తాలను చర్చి వెనక గదిలో వేయించుకుని తలుపేసుకున్నారు ముగ్గురూ. ఇంకా కుట్లు విప్పకముందే పాస్టరుగారి భార్య కృపాజ్యోతి లోపలికొచ్చి గడియ పెట్టింది. ఆవిడ చేతిలో పెద్ద జల్లెడ ఉంది.

"నిన్న జగ్గయ్యపేటలో స్త్రీల కూటానికి పోయొచ్చేసరికి మా ఆయన మా డబ్బా కూడా కుమ్మరించేశారు..." అని ఆవిడ నసిగింది. "నాది పసుపు గుడ్డ."

నలుగురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, నోళ్ళకు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆదివారం ఆదివారం ఒకే బెంచీ మీద కూర్చుని పాటలు పాడుతూ, ఈ తెలివి లోకంలో తనకొక్కదానికే ఉందనుకున్నారు ప్రతి ఒక్కరూ. నీలం గుడ్డ మూడో బస్తాలో దొరికింది. బేబి దాన్ని కళ్ళకద్దుకుంది. తొమ్మిది వేలూ నలుగురి మీద వేసుకుంటే గ్రైండరు మళ్ళీ కాస్త దూరం జరిగింది. జరిగితే జరిగింది, మూట చేతికొచ్చింది.

అంతలో తలుపు చప్పుడైంది. నలుగురూ మూటల మీద కూర్చున్నారు.

"నేనేనే, భారతిని. ఆయన బయట ఫొటోలు దిగుతున్నారు, తలుపు తియ్యండి."

భారతీదేవి లోపలికొచ్చి జల్లెడను చూసింది, బియ్యాన్ని చూసింది, పుష్పవతి కిందనుంచి బయటికి వేలాడుతున్న ఎర్ర రిబ్బనును చూసింది. "అనుకున్నా. నువ్వు పాడిన పాట బియ్యం కోసం పాడే పాటలా లేదే బేబీ," అని బస్తా మీద చతికిలబడింది. గొంతు తగ్గించి అడిగింది. "నాకూ ఒక మూట దాచిపెట్టవే."

"మీకేంటండీ ఖర్మ! ముప్పై ఎకరాల ఆసామి భార్య."

"ఎకరాలు ఆయనవి. నగలు లాకర్లో, తాళం ఆయన దగ్గర. కొత్తిమీర కట్ట కొన్నా ఆయన ఫోనులోంచే కొట్టాలి. మొన్న మా అన్నయ్య చీరకని డబ్బిచ్చాడు. మూడు రోజులుగా జాకెట్లో పెట్టుకు తిరుగుతున్నా, దాచుకునే చోటు లేక." అని చెమటకు తడిసిన నోట్ల మడత తీసి చూపించింది.

ఇన్నేళ్ళూ ఆవిడ ముందు చేతులు కట్టుకు నిలబడ్డ బేబికి మొదటిసారి జాలేసింది. కానీ జాలి వేరు, బేరం వేరు.

"ఊరికే దాచనండి భారతమ్మగారూ. ఆ డబ్బు గ్రైండర్లో పెడతా. మీరు అడిగిన నెలకల్లా తిరిగిస్తా. బ్యాంకోడైనా చేసేది అదేగా?"

"మరి వడ్డీ?"

"వారం వారం ఒక గిన్నె ఇడ్లీ పిండి."

"గిన్నెంటే ఏ గిన్నె? నాకు మినప్పప్పు ఎక్కువ పడాలి. పిండి పలచగా ఉంటే తీసుకోను," అంది భారతీదేవి. చీర కుచ్చెళ్ళు సర్దుకుని, బియ్యం బస్తా మీద కుదురుగా కూర్చుని, బతుకులో మొదటిసారి తన సొంత డబ్బుతో గీచి గీచి బేరమాడటం మొదలుపెట్టింది. బేబి కూడా గిన్నె సైజు దగ్గర ఒక్క మెట్టు దిగలేదు.