ఇంటివాళ్ల మాట

క్షవరానికని వెళ్లిన మొగుడు భోజనాల వేళ దాటినా ఇంటికి రాకపోతే ఏ పెళ్లామైనా ఫోను చేస్తుంది. మంజూష కూడా చేసింది. ఫోను పక్కగదిలో మంచం మీదే మోగింది. వివేక్ తిండి మరిచిపోతాడేమో గానీ ఫోను మరిచిపోయే మనిషి కాడు. వదిలేసి వెళ్లాడంటే ఎవరికీ దొరక్కూడదనే వెళ్లాడు.

ఎస్.ఆర్. నగర్‌లో వాళ్ల ఫ్లాట్ల కిందే ఉంది మంగలి షాపు. "సారు పొద్దుగాలనే గడ్డం, మీసం అన్నీ తీయించుకొని పోయిండు మేడం. ఆస్పత్రిల ఎట్లయినా తీస్తరు గద, నువ్వే తియ్ అన్నడు," అని చెప్పాడు షాపతను. ఎటు వెళ్లాడో అతనికి తెలియదు. మంజూషకి మాత్రం అడగకుండానే తెలుసు. ఎండలో ఆటో కోసం చెయ్యెత్తి నిలబడింది.

మర్నాడు తెల్లారేసరికి మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఆస్పత్రిలో చేరాలి. వివేక్ లివరు పూర్తిగా పాడైపోయింది. మంజూష తన లివర్లోంచి ఒక ముక్క కోయించి ఇస్తోంది. వివేక్ అన్నగారు కామరాజు కూడా ఇస్తానని ముందుకొచ్చాడు, పరీక్షలో ఆయన లివరుకి కొవ్వు పట్టింది, పనికిరాదని తేలింది. ఆ సంగతి విన్నప్పుడు ఆయన మొహం వెలిగిపోవడం మంజూష చూసింది, చూసి లోపల్లోపలే ఛీ అనుకుంది. అత్తగారు అరుణాదేవి మాత్రం కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని, నువ్వు మా పాలిట దేవతవమ్మా అని చుట్టాలందరికీ వినపడేలా అంది.

ఆస్పత్రివాళ్లు పెట్టిన షరతు ఒక్కటే. ఆపరేషనుకి ముందు ఆరు నెలలు మందు చుక్క ముట్టకూడదు. ముడితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఇంకో ఆరు నెలలు ఆగే ఓపిక ఆ ఒంటికి లేదని డాక్టరు మొహమాటపడకుండా చెప్పేశాడు. ఆరు నెలలూ నిన్నటితో పూర్తయ్యాయి, రక్తపరీక్ష కూడా శుభ్రంగా వచ్చింది. ఇక పరీక్షలేవీ లేవు. చేరేముందు ఆస్పత్రి కోఆర్డినేటర్ సుకన్య ఫోన్ చేసి, మందు ముట్టాడా అని ఆఖరిసారి అడుగుతుంది. అప్పుడు ఇంటివాళ్లు చెప్పిందే మాట.

వివేక్ అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లో సాఫ్ట్‌వేర్ కోర్సులు చెప్పేవాడు. ఊరూరి పిల్లలు వచ్చి, బల్లల మీద ఇరుక్కుని కూర్చుని ఆయన పాఠం వినేవాళ్లు. సాయంత్రం బ్యాచీ అయ్యాక గొంతు ఆరిపోయిందని ఒక బార్లో దూరేవాడు, ఆ గొంతు ఎంత తడిపినా తడిసేది కాదు. చివరికి జబ్బు బయటపడ్డాక మంజూష ఒక పని చేసింది. ఆయన ఫోటో ప్రింట్లు తీయించుకుని, అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా ఆయన వెళ్లే ప్రతి బారుకీ వెళ్లింది. పట్టపగలు ఆడమనిషి ఒంటరిగా వస్తే అక్కడి జనం గ్లాసులు దించి చూశారు. ఆమె సిగ్గు చంపుకుని కౌంటర్ల ముందు చేతులు జోడించింది. ఈయనకి మందు పోయకండి, పోస్తే చచ్చిపోతాడు అని వేడుకుంది. పాపం వాళ్లు కూడా మనుషులే. ఫోటో తీసుకుని, దేవుడి పటం కింద, అగరొత్తుల పక్కన అంటించుకున్నారు.

ఇవాళ మళ్లీ అదే దారి పట్టింది. మెట్రో స్టేషను వెనక బార్లో ఫోటో ఇంకా అలాగే ఉంది. సారు రాలేదన్నారు. సందు చివర మేడ మీద బార్లో కౌంటరతను తన తల్లి మీద ఒట్టేసి మరీ రాలేదన్నాడు. పంజాగుట్టలో కొత్తగా వెలిసిన లౌంజ్ దగ్గర నల్లచొక్కా వేసుకున్న బౌన్సర్ ఆమెను తలుపు దగ్గరే ఆపేశాడు.

"ఇప్పుడు ఓన్లీ కపుల్స్ మేడం. సార్ యాడున్నడు?"

"ఆయన కోసమే కదా బాబూ నేను తిరుగుతున్నది!" అని అరిచింది మంజూష. లోపల అలాంటి మనిషి లేడని ఫోన్లో కనుక్కుని చెప్పాడతను.

ఇక మిగిలింది సారయ్య ఉండే బారు. పంజాగుట్ట చౌరస్తాకి నాలుగడుగుల లోపల, నల్లద్దాల తలుపు. సారయ్య అక్కడ కెప్టెను. టేబుళ్లన్నీ అతని అజమాయిషీలోనే నడుస్తాయి. వివేక్ ఏళ్ల తరబడి అతని చేతి మందే తాగాడు. నోరు తెరిచి అడక్కముందే గ్లాసు, పల్లీలు, నిమ్మచెక్క బల్ల మీదికి వచ్చేవట. ఇంట్లో కూడా అంత మర్యాద జరగదని ఒకసారి అన్నందుకు మంజూష ఆ రాత్రి అన్నం పెట్టలేదు.

"నమస్తె మేడం!" అంటూ ఎదురొచ్చాడు సారయ్య. ఆమె మొహం చూసి సంగతి పసిగట్టాడు. "సారు ఇటు దిక్కు రాలే. మీరు గట్ల మొక్కినంక మేం పోస్తమా? కొత్తగ వచ్చిన పోరగాండ్లకు సుత ఫోటో సూపెట్టే పనిల పెట్టుకుంటున్న. ఫికర్ జేయకుండ్రి."

మంజూషకి కళ్లలో నీళ్లు తిరిగాయి. అతనికి దణ్ణం పెట్టి తలుపు వైపు తిరిగింది. అప్పుడు మూల టేబుల్ దగ్గర ఎవరో దగ్గారు. గొంతులో ఏదో అడ్డం పడినట్టు పొడిగా, రెండుసార్లు. పదహారేళ్లుగా పక్కన పడుకుని వింటున్న దగ్గు అది.

గోడ వైపు మొహం పెట్టుకుని కూర్చున్నాడు వివేక్. ముందు గ్లాసు ఉంది, పల్లీల ప్లేటు ఉంది. మంజూష వెళ్లి ఎదురుగా కుర్చీలో కూలబడింది. వెనకాలే వచ్చిన సారయ్య ఆయన మొహంలోకి వంగి చూశాడు. దేవుడి పటం కింద ఫోటో వైపు చూశాడు. మళ్లీ ఈ మొహం వైపు చూశాడు. ఫోటో వాళ్ల గృహప్రవేశం నాటిది. అందులో మనిషికి నిండు బుగ్గలు, గుబురు మీసం. ఇక్కడ కూర్చున్న మనిషికి చెంపలు లోపలికి పోయాయి, కళ్లు పచ్చబడ్డాయి, మీసం లేదు. ఇప్పటి ఫోటో ఇవ్వాలన్న ఆలోచన మంజూషకి ఏనాడూ రాలేదు. ఆమె లెక్కలో మొగుడంటే ఆ ఫోటోలో మనిషే.

"తల్లీ, నేనే పోసిన," అన్నాడు సారయ్య. "గీ చేతులతోనే పోసిన. ఎవరో ముసలాయన అనుకున్న."

"నన్ను పెద్దాయనా అన్నాడు మంజూ," అన్నాడు వివేక్. నవ్వబోయాడు, అది నవ్వులా రాలేదు. "ఏం గావాలె పెద్దాయనా అని అడిగాడు. సారయ్య నాకంటే పదేళ్లు పెద్ద."

"ఎందుకొచ్చారండీ ఇక్కడికి? రేపు పెట్టుకుని ఎందుకొచ్చారు?"

"భయమేసింది. ఇంట్లో ఉండలేకపోయాను. ఇక్కడికొస్తే సారయ్య చూస్తాడు, నువ్విచ్చిన ఫోటో ఉంది కదా, తిట్టి ఆటో ఎక్కించి పంపించేస్తాడు అనుకున్నాను. నిజంగా అదే అనుకున్నాను. నాలుగు తిట్లు తిని వెళ్లిపోదామనే వచ్చాను. వీళ్లెవరూ నన్ను గుర్తుపట్టలేదు. నేను ఆల్రెడీ పోయాననిపించింది. పోయినవాడికి ఇంకేం షరతులు అనుకుని తాగాను."

"ఎంత తాగారు?"

"ఒక్క గుక్క. ఒట్టు. నువ్వే చూడు."

గ్లాసు దాదాపు నిండుగానే ఉంది. మంజూష దాన్ని చూస్తూ ఉండిపోయింది. కోపం రావాలి, ఏడుపు రావాలి. వాటికంటే ముందు ఇంకేదో వచ్చింది. నెలల తరబడి బిగపట్టుకున్న ఒళ్లు ఒక్కసారిగా వదులైంది. అదేమిటో తేల్చుకునేలోపు చేతిలో ఫోను మోగింది. సుకన్య.

"గుడ్ ఆఫ్టర్నూన్ మేడం, రేపు మీకు బెడ్స్ రెడీగా ఉన్నయి. చివరిసారి అడుగుతున్న, ఏం అనుకోకండి. సార్ ఈ ఆరు నెలల్లో ఆల్కహాల్ ఏం తీసుకోలేదు కదా?"

బార్లో చప్పుడు లేదు. ఫోనులో మాట అందరికీ వినిపించింది. లేదని చెప్పు తల్లీ అని సారయ్య తల అడ్డంగా ఊపుతూ సైగ చేశాడు. వివేక్ కళ్లెత్తి ఆమెనే చూస్తున్నాడు. ఆ పచ్చటి కళ్లలో బతకాలన్న ఆశ అంత స్పష్టంగా ఆమె ఏనాడూ చూడలేదు. లేదు అంటే చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి ఆగింది. ఇందాక ఒంట్లో వదులైందేమిటో అప్పుడామెకి తెలిసింది. రేపు నన్ను కోయరు. అంతే, ఆ ఒక్క మాటే లోపల గుక్కతిప్పుకోకుండా తిరుగుతోంది.

"తాగారండీ," అంది మంజూష.

"అయ్యో మేడం," అంది సుకన్య. "సరే, డాక్టర్ గారికి చెప్పాలె నేను." ఫోను పెట్టేసింది.

సారయ్య గోడకి ఆనుకుని కిందికి చూస్తున్నాడు. వివేక్ అరవలేదు, తిట్టలేదు. గ్లాసును చేత్తో పక్కకి జరిపాడు. మెల్లగా అడిగాడు.

"నీకూ భయమేసిందా మంజూ?"

ఇన్ని నెలల్లో ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు, ఆమె కూడా తనని తాను అడిగి చూసుకోలేదు. అవునని తలూపింది. ఊపాక ఏడుపు కట్టలు తెంచుకుంది. మనిషి ప్రాణం ఒక్క మాటతో చేజార్చానన్న సంగతి అప్పుడు పూర్తిగా తలకెక్కింది. నేను అబద్ధం చెప్పాను, ఆయన తాగలేదు, నాకు భయమేసి అలా అన్నాను అని సుకన్యకి చెప్పేస్తే సరి. అంతే చెప్పాలి. నమ్ముతారు, ఎందుకు నమ్మరు? కొంగుతో కళ్లు తుడుచుకుని, సుకన్య నంబరు నొక్కింది.

బిజీ అని వచ్చింది. మళ్లీ నొక్కింది. మళ్లీ బిజీ. సుకన్య అప్పటికే డాక్టరుతో మాట్లాడుతోంది.