కీచుమనని బ్రేకు

మా కలప కంట్రాక్టరు పేర్రాజు గారు మద్రాసులో ఒక దొర వదిలేసిన పాత పందెం కారు కొని డుంబ్రిగుడ తెచ్చారు. దాన్ని కడిగి బాగుచేసే పని కొండవాడైన సోంబరుది. బ్రేకు తొక్కితే ఆ కారు లోయంతా వినబడేలా కీచుమనేది.

"ఏట్రా ఆ గోల? రేపు సంతకెల్తాను. సప్పుడు రాకూడదు" అన్నారు పేర్రాజు గారు.

కొండల్లో బండి ఇరుసు మూలిగితే ఇప్పనూనె పోస్తారు. సోంబరు అదే చేశాడు. చక్రాలు విప్పి, బ్రేకు తోలుపట్టీలు నానేదాకా నూనె పట్టించాడు. గుమస్తా వెధవని, నేనూ పక్కనే నిలబడి మెచ్చుకున్నాను.

మర్నాడు వాలులో ఆ జారుడు తోలు చక్రాన్ని పట్టలేదు. ఆ కీచు వినే సంత జనం ప్రతి వారం పక్కకు తప్పుకునేవారు.

సాయంత్రం కారును ఎడ్లు లాక్కొచ్చాయి.

"ఎవుతో అడ్డొచ్చీసింది. బేగి కడుగు" అన్నారు పేర్రాజు గారు.

సోంబరు చక్రం ఊచల్లోంచి ఒక పూసలపేరు లాగాడు. పెళ్లికి తన చేత్తో గుచ్చి భార్యకు వేసిన పేరు అది. దాన్ని గుప్పిట పట్టుకుని తలెత్తాడు.

"సప్పుడొచ్చిందేటి, బాబూ?"

"నేదురా. అస్సలు రానేదు."